నీరటి జంగా మడి

ఎండాకాలం మధ్యాహ్నం కళ్ళు మూసుకుంటే చాలు, ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు నా రెప్పల కింద నిండుతుంది. ముందు కట్ట కనిపిస్తుంది. తర్వాత తూము, ఆ తర్వాత తూము రాళ్ళ నడుమ నుంచి పైకి లేచే ఒక తడి తల. అది నీరటి జంగా తల. ఆయన నీళ్ళలో మునిగి, అడుగున ఉన్న మూత కదిలించి, పైకి వచ్చి ఊపిరి తీసుకునే లోపల కట్టకు అవతల కాలువ మాట్లాడటం మొదలుపెట్టేది. చిన్నప్పుడు నేను ఆ చప్పుడు వినడానికి పోయేవాణ్ణి. అన్నం కోసం కూడా పోయేవాణ్ణి. ఆ సంగతి కూడా చెబుతాను, చెప్పక తప్పదు.

నీరటి అంటే చెరువు నీళ్ళను పొలాలకు పంచేవాడు. ఊళ్ళో భూములున్న పెద్దలు ఇంతమంది ఉన్నా, ఆ పని మాత్రం మాల వాడలో ఒక ఇంటికే తాతల నాటి నుంచి వస్తోంది. ఆ పనికి చెరువు కింద ఎకరం పైచిలుకు మాన్యం ఉంది. కోతలప్పుడు కల్లాల దగ్గర రైతులు తలా ఇన్ని వడ్లు కొలిచేవాళ్ళు. జంగా పొడుగు మనిషి, నల్లటి మనిషి. భుజం మీద పార, మోకాళ్ళ దాకా బురద, ఎప్పుడూ సగం తడిగానే ఉండేవాడు. పూర్తిగా ఎండిన జంగాను నేను రెండే రెండు సార్లు చూశాను. రెండుసార్లూ బడి దగ్గరే.

ఇప్పుడు ఆయన అని మర్యాదగా రాస్తున్నాను గాని, అప్పుడు నేను పిలిచింది "ఏం రా జంగా" అనే. నాకు పదేళ్ళు, ఆయనకు నలభై. ఆయన నన్ను "సంజీవ పటేలా" అనేవాడు. ఊరి లెక్కలో అదే పద్ధతి. నాకు అందులో తప్పేమీ కనిపించేది కాదు, ఆయన ఇంటి అన్నం నా కడుపులో ఉన్నప్పుడు కూడా.

మాది కాపుల ఇల్లు. ముందు భూమి ఉండేది. మా నాయన పోయిన తర్వాత ఆ భూమి ఎటు పోయిందో మా అమ్మ నర్సమ్మ ఎన్నడూ నోరు విప్పి చెప్పలేదు. ఇంటి తలుపు మాత్రం మిగిలింది. అది ఎంత పెద్దదంటే ఇద్దరు తోస్తే గాని తెరుచుకోదు. లోపల ఉట్టి మీద ఏమీ ఉండేది కాదు. అమ్మ కూలికి పోదామంటే, కాపు ఆడది కూలికా అని ఊరు ముక్కు మీద వేలేసుకుంటుంది. పోకపోతే ఏ ఊరూ వచ్చి ఒక మెతుకు పెట్టదు. పొద్దు పొడవక ముందే లేచి ఎవరికీ కనబడకుండా ఆకుకూర ఏరుకొచ్చేది.

అందుకే నేను కట్ట మీదికి పోయేవాణ్ణి. జంగా భార్య నాగులమ్మ ఆయనకు సద్ది తెచ్చేది. నన్ను చూసేది, ఏమీ అనేది కాదు. మోదుగాకులో ఇంత అన్నం, మీద కొంచెం పచ్చిపులుసు వేసి, ఒడ్డు మీద ఒక బండరాయి ఉంటే దాని మీద పెట్టి, అటు తిరిగి నిలబడేది. ఎవరైనా అడిగితే ఆమె నాకు పెట్టలేదు, నేను ఆమె చేతి నుంచి తీసుకోలేదు. రాయి మీద ఉంటే తిన్నాను, అంతే. అంత చిన్నవాడి కోసం అంత పెద్ద అబద్ధం ఆమె కట్టిపెట్టింది. తింటూ ఉంటే గాలికి నీళ్ళ మీద సన్నని ముడతలు పుట్టి, కట్ట దాకా వచ్చి ఆగిపోయేవి. నేను వాటిని లెక్కపెడుతూ నిద్రలోకి జారేవాణ్ణి. లేచేసరికి ఎవరో నా మొహం మీద నీడ పడేలా పార పాతి, దాని మీద తువ్వాల ఆరేసి పోయేవారు.

జంగాకు నీళ్ళ పంపకంలో రెండు పద్ధతులుండేవి. వానలు తక్కువైన ఏడు తూము పక్క రైతులు ముందు మాకే వదలాలని కేకలేసేవాళ్ళు. జంగా వినేవాడు కాదు. ముందు కాలువ చివర ఉన్న ఆఖరి మడికే.

"తూం పొంటి మళ్ళకు ఊటన్న ఉంటది పటేలా. ఆఖరి మడికి నేను దప్ప ఎవరున్నరు?" అనేవాడు.

నీళ్ళు వదిలిన తర్వాత కాలువ వెంట నడుచుకుంటూ పోయి, ఆఖరి మడిలో నీళ్ళు ఎక్కేదాకా అక్కడే నిలబడేవాడు. ఎండైనా వానైనా అది చూసిన తర్వాతే ఇంటికి.

రెండో పద్ధతి, నీరటివాడు తన మడికి అందరి తర్వాత పెట్టుకోవాలి. తన మడికి ముందు పెట్టుకున్నాడంటే ఇక ఆ నీరటి మాట ఊళ్ళో చెల్లదు. ఈ పద్ధతి పాటించి రెండు పంట కార్లు పొట్ట మీద ఉన్న వరిని జంగా ఎండబెట్టుకున్నాడు. అందుకే ఊరంతా ఆయన పంపకానికి తల వంచేది. ఆయన కాళ్ళ మీదుగా, చేతుల మీదుగా పారిన నీళ్ళతో పండిన బియ్యం ఏ ఇంట్లోనూ అంటు కాలేదు. బడిలో మంచినీళ్ళ కుండ మాత్రం ఆయన కొడుకు ముట్టుకుంటే అంటు. ఈ తెలివి ఎవరిదో గాని, దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పుడు మండలేదు, అది కూడా ఒప్పుకోవాలి.

ఆయన కొడుకు సైదులు, నేను ఒకే తరగతి. నేను లోపల, గోడ వారగా రెండో వరుసలో. వాడు బయట వసారాలో. కిటికీకి అటు వాడు, ఇటు నేను. శంకరయ్య పంతులు లెక్క చెప్పి ముగించే లోపల సైదులు పలక కిటికీలోంచి నా వైపు తిప్పేవాడు. నేను చూసి రాసుకునేవాణ్ణి. పంతులు నన్ను మెచ్చుకునేవాడు. వాడు వసారాలో నవ్వుకునేవాడు.

పందొమ్మిది వందల ముప్పై ఏడులో పట్నం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఒక ధర్మాత్ముడు బోర్డింగు పెట్టాడు, మన బడికి ఒక్క జాగా ఇస్తాడు. తిండి, బట్ట, మెట్రిక్ దాకా చదువు, అన్నీ ఆయనవే. బడిలో అందరికంటే వెనక ఉన్న ఇంటి పిల్లవాణ్ణి పంపమని రాశాడు. ఎవరు వెనక ఉన్నారో ఊరికే తెలుస్తుందని ఆయన అనుకున్నాడు కాబోలు. పట్నంలో కూర్చుని అనుకోవడానికేం.

పంతులు సైదులు పేరు అన్నాడు. ఊరి పెద్ద పటేల్ రాంచంద్ర నా పేరు అన్నాడు. బడి ముందు పొద్దున పూట కూర్చుని ఇద్దరూ వాదులాడుకున్నారు. అమ్మ గోడకు ఆనుకుని కొంగు పళ్ళతో పట్టుకుని నిలబడింది. నేను ఆమె పక్కన. పోవాలని ఉంది. మూడు పూటలా అన్నం అనే మాట విన్నప్పటి నుంచి నాకు చదువు మీద కూడా ప్రేమ పుట్టింది.

"ఆకలికి కులం ఉంటదా పంతులూ?" అన్నాడు పటేల్. "జంగా ఇంట్ల రెండు పూటల పొయ్యి ముట్టుతది. నర్సమ్మ ఇంట్ల నిన్న ముట్టిందా? మీరే అడుగుండ్రి."

పంతులు వసారా వైపు చెయ్యి చూపాడు. "ఆకలైన పోరడు లోపల కూసుంటున్నడు పటేలా. కడుపు నిండిన పోరడు వసారల కూసుంటున్నడు. ఎవడు ఎనుక ఉన్నడో నాకు సమజైతలేదు."

వాణ్ణి వసారాలో కూర్చోబెట్టింది తానే అన్న సంగతి ఆయనకు ఆ క్షణాన గుర్తుందో లేదో. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. మా పొయ్యి ముట్టి రెండు రోజులైంది. సైదులు నాలుగేళ్ళుగా గడప దాటలేదు.

చివరికి పటేల్ అన్నాడు, "నీళ్ళ లొల్లి వస్తె ఎవల మాట ఇంటం? జంగా మాట. గిది గూడ గంతే. వాన్నే పిలువుండ్రి, వాడు ఎవలంటె వాల్లు."

ఆయన ఎత్తు వేశాడో, నిజంగానే నమ్మి అన్నాడో నాకు ఈనాటికీ తెలియదు. నమ్మే అన్నాడని అనుకుంటాను. అక్కడున్న అందరికీ అది న్యాయంగానే తోచింది. పంచేవాడికే పంపకం అప్పజెప్పారు కదా.

జంగా ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. ఒంటి మీద చుక్క తడి లేదు. నాకు ఎవరో పరాయి మనిషిలా కనిపించాడు. బడి ముందు నేల మీద గొంతుక్కూర్చుని అంతా విన్నాడు. ఒకసారి వసారాలో ఉన్న కొడుకు వైపు చూశాడు. ఒకసారి మా అమ్మ వైపు. నా వైపు చూసినప్పుడు నాకు బండరాయి మీది మోదుగాకు గుర్తొచ్చింది. ఆయనకూ అదే గుర్తొచ్చిందని నేను ఒట్టేసి చెప్పగలను.

"నీరటోడు తన మడికి ముందుగాల పెట్టుకోడు," అన్నాడు. "సంజీవ పటేల్‌నే తోలుండ్రి."

అందరూ జంగా గొప్పతనం మెచ్చుకున్నారు. అమ్మ ఏడ్చింది. నేను ఎగిరి గంతేశాను, దాచేదేముంది. జంగా, నాగులమ్మ వాడ వైపు నడుస్తుంటే నేను వెనకాలే పోయాను, ఎందుకో తెలియదు. నాగులమ్మ గొంతు పెద్దది చేయలేదు.

"నీళ్ళు మల్ల ఏడు వస్తయి. గీ జాగ మల్ల వస్తదా?"

జంగా భుజం మీద పార లేదు గాని, ఉన్నట్టే చెయ్యి అక్కడికి పోయింది.

నేను బండెక్కే రోజు సైదులు కిటికీ దగ్గరికి వచ్చాడు. "నువ్వు పోతె లోపల నీ జాగ ఖాళీ అయితది గద," అన్నాడు. "గది నాకిస్తరా? పంతులును జర అడుగుతవా?"

అడుగుతానన్నాను. అడగలేదు. కొత్త బట్టల సంబరంలో మరిచిపోయానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు, అడగడానికి సిగ్గేసింది.

పట్నం బోర్డింగులో మొదటి రోజు వంటాయన నా కులం అడిగాడు. చెప్పాను. లోపలి వరుసలో ఆకు వేశాడు. అంతే, నా వెనకబాటు అక్కడితో అయిపోయింది. వారం రోజుల్లో బుగ్గలు వచ్చాయి, ఆరు నెలల్లో నన్ను చూసిన వాళ్ళెవరూ ఆకలి మొహం అనలేదు. అప్పుడప్పుడు చేతిలో ముద్ద ఆగిపోయేది. సైదులు వచ్చి ఉంటే ఈ వంటాయన ఆకు ఎక్కడ వేసేవాడు? ఆ ఆలోచన ఎక్కువసేపు నిలవనిచ్చేవాణ్ణి కాదు. రాత్రి కలల్లో మాత్రం చెరువు వచ్చేది. నేను కట్ట మీద నిలబడి ఉంటాను, నీళ్ళు నా పాదాల దాకా వచ్చి నన్ను దాటి ఎటో పోతుంటాయి.

ఏడేళ్ళకు తిరిగొచ్చి అదే బడిలో పంతులునయ్యాను. శంకరయ్య పంతులు అప్పటికి పోయాడు. మా ఇంటి పొయ్యి రోజూ ముట్టేది. పెళ్ళై వెళ్ళిన అక్కా, బావా చనిపోతే వాళ్ళ కూతురు భూలక్ష్మిని మా ఇంటికి తెచ్చుకున్నాం. ఊళ్ళో నలుగురూ నన్ను చూసి నిలబడి మాట్లాడేవాళ్ళు. సైదులు నాలుగో తరగతితో చదువు ఆపి తూము దగ్గర నాయనకు తోడయ్యాడు. చెరువులో ఇన్ని మూరల నీళ్ళుంటే ఎన్ని మళ్ళకు ఎన్ని రోజులు వస్తాయో వేళ్ళ మీద చెప్పేవాడు. తాసిల్ కచేరి వాళ్ళు కాగితాల మీద వేసి, తర్వాత వాణ్ణి అడిగి దిద్దుకునేవాళ్ళు. నేను ఎదురైతే "బాగున్నవా సారూ" అని తల వంచి పోయేవాడు. కోపం చూపిస్తే బాగుండేదనిపించేది.

నలభై ఏడులో, వానలు మొదలయ్యే ముందు, అదే బోర్డింగు నుంచి మళ్ళీ ఉత్తరం వచ్చింది. ఈసారి ఆడపిల్లలకు కొత్త ఇల్లు తెరిచారట, ఒక్క జాగా. మాటలు మాత్రం పాతవే, అందరికంటే వెనక ఉన్న ఇంటి పిల్లను పంపండి. బడిలో ఆడపిల్లలు ముగ్గురే. అందులో చదువు మీద మనసున్న వాళ్ళు ఇద్దరు. తల్లీ తండ్రీ లేని మా భూలక్ష్మి, జంగా చిన్న కూతురు యాదమ్మ.

"ఇంకేం ఆలోచిస్తున్నవ్ రా," అన్నది అమ్మ పొద్దున్నే. "అమ్మా అయ్యా లేని పోరి. దీనికన్న ఎనుక ఎవరున్నరు?"

నాకూ అదే అనిపించింది. కాగితం ముందు పెట్టుకుని బడిలో కలం తీశాను. "భూ" అని రాసేసరికి గుమ్మం బయట మనిషి నీడ పడింది. జంగా. ఒంటి మీద తడి లేదు. ధోవతి ఉతికినది. జుట్టు నెరిసింది. పదేళ్ళ కిందట నేల మీద ఎక్కడ కూర్చున్నాడో అక్కడే నిలబడ్డాడు, ఈసారి కూర్చోలేదు.

"గా జాగ మా యాదమ్మకు గావాలె పటేలా," అన్నాడు.

జంగా నోట 'నాకు కావాలె' అనే మాట ఆ ఊళ్ళో ఎవరూ విని ఉండరు. సమాధానం నా దగ్గర సిద్ధంగా ఉంది, అది నాకు న్యాయంగానే ఉంది.

"జంగా, భూలక్ష్మికి అమ్మా నాయనా లేరు. మీ ఇంట్ల నువ్వు, సైదులు ఇద్దరు కష్టం చేస్తున్నరు. మాన్యం ఉన్నది. యాదమ్మ ఏనాడన్న పస్తున్నదా? గప్పుడు నువ్వే గద అన్నవ్, ఆకలైనోనికే ముందు అని."

"గట్ల నేననలే. పటేల్ అన్నడు. నా మడికి ముందుగాల పెట్టుకోనని నేనన్న." వసారా వైపు చూశాడు. "గది నీళ్ళ సంగతి. పిల్లల సంగతి గాదు. నాకు గప్పుడు సమజు గాలే."

బయట గాలి లేదు. వసారాలో యాదమ్మ పలక మీద తల వంచుకుని కూర్చుని ఉంది. వింటోంది.

"మీ పిల్లకు అమ్మా అయ్యా లేరు, నిజమే," అన్నాడు జంగా. "నువ్వున్నవ్. మీ ఇంట్లనే సదువు చెప్తవ్. దాన్ని ఎవ్వలు ఏడ కూసోమన్నా కూసుంటది. నా పిల్లకు అన్నం నేను వెడ్త. గదొక్కటే నా చేతుల ఉన్నది."

నేను కాగితం మీద రాసిన అక్షరం వైపు చూశాను.

"నీకు జాగ ఇచ్చినందుకు నాకు రంజు లేదు, దుఃఖం లేదు పటేలా. నువ్వు తిని బతికినవ్, సంతోషం. సదువుకోని సార్‌వై వచ్చినవ్. మూడేండ్లాయె." ఆయన గొంతులో కోపం లేదు. ఏ మడిలో నీళ్ళు ఎక్కలేదో చెప్పే గొంతే అది. "వసారా గట్లనే ఉన్నది."

మూడేళ్ళుగా రోజూ ఆ వసారా దాటి లోపలికి వస్తున్నాను. కిటికీలోంచి యాదమ్మ పలక అందుకుని దిద్ది ఇస్తున్నాను. ఎవరు నన్ను ఆపారు? ఎవరూ ఆపలేదు. నేను ఎవరినీ అడగను కూడా లేదు. నా ఆకలి తీరిస్తే ఊరికి ఏం మేలు జరిగిందో ఆ రోజు లెక్క తేలింది. నాకు మేలు జరిగింది, అంతే. సైదులు పోయి ఉంటే వాడు పంతులై వచ్చి ఏ పిల్లనూ వసారాలో కూర్చోబెట్టేవాడు కాదు. అది నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

భూలక్ష్మి రెండో వరుసలోంచి నన్నే చూస్తోంది. పొద్దున అమ్మ మాటలు విని కొత్త రిబ్బను కట్టుకుని వచ్చింది. ఇద్దరికీ ఇవ్వడానికి రెండు జాగాలుంటే ఈ కథ రాసేవాణ్ణి కాదు.

రాసిన అక్షరం కొట్టేశాను. "యాదమ్మా, లోపలికి రా," అన్నాను. "నీ పేరు నువ్వే రాయి."

ఆ పిల్ల కదలలేదు. నాయన వైపు చూసింది. నేను మళ్ళీ పిలిచాను. ఆమె లేచి, గడప ముందు ఒక క్షణం ఆగి, దాటింది. పొద్దున చెరువులో కాళ్ళు పెట్టి వచ్చిందేమో, నా బల్ల దాకా మట్టి పాదాలు పడ్డాయి. వంకర టింకరగా కాదు, ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు రాసింది. కలం నా చేతికిచ్చి అక్కడే నిలబడింది.

"ఇగ ఏడ కూసోవాలె సార్?" అని అడిగింది.

లోపల గోడ వారగా రెండో వరుసలో ఒక జాగా ఉంది. నేను వదిలి పోయిన జాగా. పదేళ్ళ కిందట ఒకడు అడగమంటే నేను అడగని జాగా. అందులో ఇప్పుడు భూలక్ష్మి కూర్చుని ఉంది. నేను నోరు తెరిచే లోపల ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. యాదమ్మ మొహం చూడలేదు. పలక ఒళ్ళోకి లాక్కుని, గోడ వైపు జరిగింది. ఇంకొకరికి సరిపడా చాప ఖాళీ అయింది.

యాదమ్మ కూర్చుంది. అప్పుడు వసారా అవతలికి చూశాను. జంగా ఇంకా నిలబడే ఉన్నాడు. ఆఖరి మడి దగ్గర నిలబడినట్టే, కదలకుండా లోపలికి చూస్తూ. కూతురు కూర్చుని పలక ముందు పెట్టుకునేదాకా చూసి, అక్కణ్ణుంచి కదిలాడు.

"జంగన్నా," అని పిలిచాను. నా నోటికి అలవాటు లేని పిలుపు, సగమే బయటికి వచ్చింది. వినిపించిందో లేదో, వెనక్కి తిరగలేదు. చెరువు వైపు నడిచిపోయాడు.

అమ్మ నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. ఊళ్ళో కొందరు జంగాకు ఆశ పుట్టిందని, ఇక వాడి నీళ్ళ పంపకం నమ్మలేమని అన్నారు. ఆ ఏడు వానలు అంతంత మాత్రమే. చెరువు సగం కూడా నిండలేదు. ఏ మడికి ఎప్పుడు వదులుతాడోనని నలుగురు పెద్దమనుషులు రోజూ కట్ట మీద కాపలా కూర్చున్నారు.

జంగా ఆఖరి మడికి ముందు పెట్టాడు. తన మడికి అందరి తర్వాత పెట్టుకున్నాడు.